వేలిముద్ర పడని చేతులు

ఆధార్, యూపీఐ, రేషన్ డిపోలో ఈ-పాస్ యంత్రం. ఇలాంటివాటిని కలిపి ఇప్పుడు 'డిజిటల్ ప్రజా మౌలిక వసతులు' అంటున్నారు. 2023లో ఢిల్లీలో జరిగిన జీ-20 సమావేశంలో మన దేశం ఈ మాటను గట్టిగా వినిపించింది. పేరు పెద్దదే గాని భావం తేలిక. ఊరికి రోడ్డు, పొలానికి కాలువ ఎలాగో, బియ్యం, పింఛను, కూలి డబ్బు మనిషిని చేరడానికి ఇవి అలాంటి దారులు. అయితే దారి వేసేటప్పుడు ఇంజనీరుతో పాటు ఆ దారిన నడిచేవారినీ అడగాలి. అడిగిన చోట, అడగని చోట ఏమి జరిగిందో చూద్దాం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలి, పింఛను పంపిణీకి స్మార్ట్ కార్డులు తెచ్చారు. వేలిముద్ర వేస్తే ఊళ్లోనే డబ్బు చేతికిచ్చేవారు. కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు 8 జిల్లాల్లోని 157 మండలాల్లో దీన్ని పరిశీలించారు. కూలి త్వరగా అందింది, మధ్యలో మాయమయ్యే డబ్బు తగ్గింది. కాని అసలు సంగతి వేరే ఉంది. కార్డు లేనివారికి పాత పద్ధతిలో డబ్బు ఇచ్చే వీలును ప్రభుత్వం మూసేయలేదు. రెండేళ్ల తర్వాత కూడా సుమారు సగం చెల్లింపులే కార్డుల మీద జరిగాయి. లెక్కలు చూసేవారికి అది వెనుకబాటు. పేదవానికి మాత్రం అదే రక్షణ.

ఇంకొకటి. కింది స్థాయి నుంచి ఫిర్యాదులు వస్తున్నాయని ఈ పథకాన్ని ఆపేసే ఆలోచన కూడా సాగింది. తీరా లబ్ధిదారులనే నేరుగా అడిగితే, అత్యధికులు కార్డే మేలన్నారు. అడగకపోయి ఉంటే నాయకుల దగ్గరికి వెళ్లగలిగినవారి మాటే చెల్లేది.

తర్వాత జార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ వేలిముద్రను తప్పనిసరి చేశారు. అక్కడ 10 జిల్లాల్లో అదే పరిశోధకులు చూసినది బాధాకరం. మొదటి దశలో దొంగతనం తగ్గలేదు. అంతకుముందు ఆధార్ అనుసంధానం కాని కుటుంబాలకు అందే సరుకుల విలువ మాత్రం సుమారు 10 శాతం పడిపోయింది.

వేలిముద్ర ఎందుకు పడదు? రాళ్లు మోసిన చేతుల్లో, సిమెంటు కలిపిన చేతుల్లో గీతలు అరిగిపోతాయి. వయసు మీరితే చర్మం పలచబడుతుంది. వేలు బాగున్నా సిగ్నల్ లేకపోవచ్చు. ఆధార్ కారణంగా ఎవరికీ రేషన్ ఆపవద్దని 2017 అక్టోబరులో కేంద్రం రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది. మంచిదే. అయితే యంత్రం ఒప్పుకోకుండా బియ్యం ఇస్తే స్టాకు లెక్క తేడా వస్తుందని డీలరుకు భయం. అతడూ ఈ వ్యవస్థలో భాగస్వామే. అతని చిక్కు తీర్చకుండా ఆదేశం పంపితే, అవ్వ మాత్రం ఖాళీ సంచితోనే ఇంటికి పోతుంది.

అందరినీ అడగడం సాధ్యమా అంటారేమో. 2018లో తెలంగాణలో రైతుబంధు చెక్కులు పంచినప్పుడు కొన్ని మండలాల్లో ఒక ప్రయోగం జరిగింది. చెక్కు అందిందా లేదా అని రైతులకు ఫోన్ చేసి అడుగుతామని వ్యవసాయాధికారులకు ముందే చెప్పారు. అంతమాత్రానికే అక్కడ పంపిణీ కొంత మెరుగుపడింది. అదీ చాలా తక్కువ ఖర్చుతో. ఉపాధి హామీలో మన ఊళ్లలో జరిగిన సామాజిక తనిఖీ కూడా ఈ కోవదే. మస్టరులో ఉన్న పేరును, దినాలను పదిమందిలో చదివి, పని చేసినవాడినే నిజమా అని అడిగారు.

రేషన్ విషయంలోనైతే చట్టమే దారి చూపింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం 29వ సెక్షన్ ప్రకారం ప్రతి చౌకధరల దుకాణానికీ ఒక విజిలెన్స్ కమిటీ ఉండాలి. అందులో దళితులకు, గిరిజనులకు, స్త్రీలకు, దిక్కులేనివారికి లేదా వికలాంగులకు చోటివ్వాలి. మీ వీధి దుకాణానికి ఆ కమిటీ ఉందా, అందులో ఎవరున్నారు? సంఘంలో చదువుకున్న యువతీయువకులు ఈ వారం వెళ్లి అడగవచ్చు. వేలు పడక తిరిగివచ్చిన వృద్ధులు ఎవరైనా ఉంటే తేదీ, దుకాణం నంబరు, యంత్రం చూపిన కారణం కాగితం మీద రాసి, సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకొనేటప్పుడు ఇచ్చి రసీదు తీసుకోవాలి. వారితో పాటు ఒకరు వెళ్తే మంచిది, అక్కడ వరుస పెద్దది.