కాలు అందట్లేదా... సీటు చెక్కించండి!

మోజుపడ్డ బైకు. తీరా షోరూమ్‌లో ఎక్కి కూర్చుంటే మునివేళ్లే నేలకు ఆనతాయి. 'మీకు స్కూటీ అయితే బాగుంటుంది మేడమ్' అని ఓ ఉచిత సలహా! అయిదడుగుల అమ్మాయిలకు ఇది మామూలే. పొట్టి మగవాళ్లకూ తప్పదు, బయటికి చెప్పుకోరంతే. బండి పరుగెడుతున్నంతసేపూ భయం లేదు. ఆగినప్పుడే చిక్కంతా. సిగ్నల్ దగ్గర కాలు గుంతలో పడిందా, బండి ఒరిగినట్టే.

కొనేముందు సీటు ఎత్తు చూడండి. స్ప్లెండర్ ప్లస్‌కి 785 మిల్లీమీటర్లు, రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350కి 765. అలాగని మీటియరే తేలికనుకోవద్దు. స్ప్లెండర్ 112 కిలోలైతే అది 191! పైగా సీటు వెడల్పుగా ఉంటే తొడలు ఎడమై, ఆ మేరకు కాళ్లు అందవు.

బండి ఇంట్లోనే ఉంటే సీట్లు కుట్టేవాళ్ల దగ్గరకి వెళ్లండి. సీటు ముందువైపు ఫోమ్ కాస్త తగ్గించి అంచులు చెక్కిస్తే చాలు, పాదం దిగుతుంది. మరీ కోయిస్తే మాత్రం నడుం పట్టేస్తుంది.

సస్పెన్షన్ జోలికి ఆఖర్నే వెళ్లాలి. వెనక దించితే ముందు ఫోర్కులూ సరిచేయించాలి. సైడ్‌స్టాండూ కురచ చేయించాలి, లేదంటే బండి నిటారుగా నిలబడి అవతలికి పడుతుంది. ఆపైన మన స్పీడ్‌బ్రేకర్లు ఉండనే ఉన్నాయి, అడుగు గీసుకుపోవడానికి!

అసలు రెండు పాదాలూ ఆననక్కర్లేదు. ఆగేటప్పుడు సీటు మీద కొద్దిగా ఎడమకు జరిగి, ఎడమ పాదం పూర్తిగా ఆనించి, కుడికాలు బ్రేకు మీదే ఉంచండి. ఖాళీ మైదానంలో నాలుగు రోజులు ఇదే సాధన చేశాకే ట్రాఫిక్‌లోకి వెళ్లండి.