పొగ లెక్క, దుమ్ము లెక్క

కరీంనగర్ బస్ స్టాండు ఎదుట సాయంత్రము వేళ నిలిచినవాని కంటిలో పడునది పొగయా, దుమ్మా? మన ఉర్దూ విద్యార్థులు ‘ధువాఁ’ వేరు, ‘గర్ద్’ వేరు అందురు. తెలుగునందును రెండు మాటలు కలవు. అయినను మనము రెంటిని కలిపి ‘కాలుష్యము’ అని సరిపెట్టుకొనుచున్నాము. వీనిని విడదీయక చేయు చికిత్స వృథా వ్యయమని మేము తలంచుచున్నాము. విడదీయు సాధనము గణిత నమూనా.

నమూనా యనగానే భయపడనక్కరలేదు. మొదటి మెట్టు కేవలము గుణకారము. ఒక వీధిలో తిరుగు వాహనముల సంఖ్యను, ఒక్కొక్కటి నడచు దూరముతోను, కిలోమీటరుకు అది విడుచు మలినముతోను హెచ్చింపవలెను. భారత్ స్టేజ్ 4 ప్రమాణము ప్రకారము డీజిలు కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాములకు మించి కణములను విడువరాదు. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట అమలైన స్టేజ్ 6 నందు హద్దు 4.5 మిల్లీగ్రాములు. వేయి కార్లు రోజుకు ఐదేసి కిలోమీటర్లు తిరిగినచో పాత హద్దున 125 గ్రాములు, కొత్త హద్దున 22.5 గ్రాములు. అయితే ఇవి ప్రయోగశాల హద్దులు. రద్దీలో ఆగుచు కదలుచు పోవు బండిగాని, మరమ్మతు ఎరుగని పాత ఆటోగాని వీనిని ఖాతరు చేయవు. అందుచేత వాహనముల వయస్సు, వేగము, ఇంధనము సైతము లెక్కలో చేర్చుదురు.

దుమ్ము సంగతి వేరు. కరీంనగర్ గ్రానైటు దిమ్మెలను మోయు లారీలను, రామగుండము, మంచిర్యాల ప్రాంతపు బొగ్గు లారీలను ఎరుగనివారెవరు? తారు రోడ్డుపై రేగు దుమ్ము, అచట పేరుకొన్న మెత్తని మన్నును బట్టియు, తిరుగు వాహనముల సగటు బరువును బట్టియు దాదాపు అదే నిష్పత్తిలో పెరుగునని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ వారి సూత్రము. ఆ లారీకి కొత్త ఇంజను అమర్చినను, విద్యుత్తుతో నడిపినను ఈ దుమ్ము తగ్గదు. దీనికి మందు చీపురు, నీరు, బొగ్గుపై టార్పాలిను, రోడ్డు అంచున గడ్డి.

రెండవ మెట్టు గాలి. మే నెల మధ్యాహ్నము వేడిగాలితో పొగ పైకెగసి పలుచనగును. ఆదిలాబాదులో పుష్యమాసపు వేకువన నేలనంటిన చల్లగాలిపై వెచ్చని పొర మూతవలె కూర్చుండును. విడిచిన పొగ అంతే, పీల్చు పొగ అనేక రెట్లు! బడికి పోవు పిల్లలు బయలుదేరునది ఆ మూత ఇంకను తొలగని వేళనే.

హైదరాబాదునకు ఇట్టి లెక్క జరిగినది. శరత్ గుట్టికుండ, రమణి కొప్పాక 2014లో ప్రచురించిన పరిశోధనలో వాహనములు, రోడ్డు దుమ్ము, పరిశ్రమలు వేర్వేరు పద్దులుగా గణింపబడినవి. కాని ఆ అంకెలను మనము అరువు తెచ్చుకొనరాదు. గ్రానైటు లారీల నిష్పత్తి అచట వేరు, ఇచట వేరు. పైగా మన వీధులు మారుచున్నవి. 2023 జూన్‌లో మానేరుపై తీగల వంతెన తెరచిన పిదప వరంగల్ దిక్కు రాకపోకలు దారి మార్చుకొన్నవి. దానికి ముందరి లెక్క ఇప్పుడు చెల్లదు.

కావున కళాశాల కమిటీవారికి మా మనవి. గణిత, భౌతిక శాస్త్ర విద్యార్థులు ఒక కూడలి వద్ద ఒక వారము, ఉదయము 8 నుండి 10 వరకు, సాయంత్రము 5 నుండి 7 వరకు వాహనములను లెక్కించుటకు అనుమతి నొసగవలెను. ద్విచక్రములు, ఆటోలు, కార్లు, బస్సులు, లారీలు వేర్వేరు గడులలో వ్రాయవలెను. లారీ గడి ప్రక్కన మరి రెండు చిన్న గడులుండవలెను: నిండుదా, ఖాళీదా, కప్పు ఉన్నదా, లేదా.