బండి ఎందుకు ఆగుతోంది?

చర్ల నుంచి దుమ్ముగూడెం మీదుగా భద్రాచలం పోయే దారి. పక్కనే అడవి. మిర్చి బస్తాలు మోసేది పాత డీజిల్ పికప్ బండి. ఆపదలో రోగిని ఆసుపత్రికి చేర్చేదీ అదే. అలాంటి బండి నడిదారిలో ఆగితే? కాసేపటికి స్టార్టయి, మళ్లీ ఆగితే?

ఇంజను పోయిందని బెంబేలు పడొద్దు. ముందు డీజిల్ వచ్చే దారి చూడాలి.

ఆగిన వెంటనే ట్యాంకు మూత తీయండి. గాలి సుయ్‌మని లోపలికి పోయిందా? అయితే మూతకున్న సన్న రంధ్రం దుమ్ముతో పూడిపోయింది. గాలి లోపలికి పోనిదే డీజిల్ బయటికి రాదు. రంధ్రం శుభ్రం చేయాలి.

మూత బాగుందా? ఫిల్టరు చూడండి. నీరు డీజిల్ కన్నా బరువు. అది అడుగున చేరుతుంది. దాన్ని వదిలేయాలి. మడ్డి పట్టిన ఫిల్టరును మార్చాలి.

తర్వాత పైపులు. వదులైన చోట గాలి చొరబడుతుంది. బిగించాలి. ఫిల్టరు మీది గాలి స్క్రూ వదులు చేసి, ఇంజను పక్కనున్న చిన్న చేతిపంపు కొట్టాలి. నురగ పోయి డీజిల్ ధారగా రాగానే స్క్రూ బిగించాలి.

ఈ పని చేసేటప్పుడు దగ్గర బీడీ వెలిగించరాదు.

బండి ఏ రోజు ఆగింది? ఎంత దూరం పోయాక ఆగింది? చీటీ మీద రాసి పెట్టుకోండి. ఆ చీటీ చూస్తే మెకానిక్కుకు సగం జబ్బు తెలిసిపోతుంది.