2025 జూన్ తొలి వారం నిర్ణయాలు మన ఇంటికి ఎప్పుడు చేరతాయి?

2025లో కర్ణాటకలో మే 29నే బడులు తెరిచారు. తమిళనాడులో జూన్ 2, సోమవారం తెరిచారు. మహారాష్ట్రలో 16 వరకూ ఆగాల్సి వచ్చింది. ఎక్కడున్నా ఆ నెల మన ఇళ్లలో ఒకటే లెక్క: ఫీజులు, పుస్తకాలు, యూనిఫాంలు, పెద్ద పిల్లలుంటే చదువు అప్పు. ఈ లెక్కను కదిపే నిర్ణయాలు కొన్ని ఆ వారమే ముంబైలో, వాషింగ్టన్‌లో వెలువడాల్సి ఉండేవి. ఏది మన ఇంటిదాకా వస్తుంది, ఎన్నాళ్లకు వస్తుంది అని చూసుకుంటే, దేనికి తొందరపడాలో దేనికి అక్కర్లేదో తెలుస్తుంది.

శుక్రవారం: వడ్డీ

రిజర్వు బ్యాంకు పరపతి విధాన కమిటీ 2025 జూన్ 4 నుంచి 6 వరకు సమావేశమైంది. శుక్రవారం ఉదయం 10 గంటలకు గవర్నర్ సంజయ్ మల్హోత్రా నిర్ణయం ప్రకటించారు. ఫిబ్రవరిలో, ఏప్రిల్‌లో పావు శాతం చొప్పున తగ్గి, రెపో రేటు ఆ సమావేశానికి ముందు 6 శాతం దగ్గర ఉండేది. అప్పుడు మరో పావు శాతం తగ్గుతుందని ఎక్కువమంది ఆర్థికవేత్తలు అంచనా వేశారు.

తగ్గితే మనకేమిటి? రూ.5 లక్షల అప్పు మీద పావు శాతం అంటే ఏడాదికి రూ.1,250. అయితే ఆ రోజే వాయిదా తగ్గిపోదు. రెపో రేటుతో ముడిపడిన అప్పుల మీద వడ్డీని బ్యాంకులు కనీసం మూడు నెలలకోసారి సవరించాలి. మన అప్పు ఆ రకమో కాదో బ్యాంకులో అడిగి తెలుసుకోవడం మంచిది. మరోపక్క, కొత్తగా వేసే డిపాజిట్ల మీద వడ్డీ కూడా తగ్గుతుంది. ఇప్పటికే వేసినవి గడువు వరకూ పాత వడ్డీకే నడుస్తాయి. ఆడపిల్లల పేరిట కట్టే సుకన్య సమృద్ధికి 2025 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో 8.2 శాతం ఇచ్చారు. దాన్ని నిర్ణయించేది రిజర్వు బ్యాంకు కాదు, కేంద్ర ప్రభుత్వం. తర్వాతి మూడు నెలల రేటు త్రైమాసికం చివర్లో తెలుస్తుంది.

బుధవారం: సుంకాలు

ఉక్కు దిగుమతులపై సుంకాన్ని 25 నుంచి 50 శాతానికి పెంచుతామని అమెరికా అధ్యక్షుడు ట్రంప్ 2025 మే 30న చెప్పారు. అది జూన్ 4 నుంచి అమలైంది. భారత ఉక్కు అమెరికాకు వెళ్లేది తక్కువే. కానీ అక్కడ అమ్ముడుపోని ఇతర దేశాల సరుకు మన మార్కెట్‌కు మళ్లితే బళ్లారి, రూర్కెలా కర్మాగారాలకు ఇబ్బంది. కేంద్రం 2025 ఏప్రిల్‌లో కొన్ని రకాల ఉక్కు దిగుమతులపై 12 శాతం తాత్కాలిక రక్షణ సుంకం వేసింది.

షోలాపూర్ తువ్వాళ్లు, తిరుప్పూర్ బనియన్ల సంగతి వేరు. భారత్‌పై ప్రకటించిన 26 శాతం సుంకాన్ని అమెరికా 2025 జూలై 9 వరకు ఆపింది. అప్పట్లో 10 శాతం మాత్రం వసూలయ్యేది. ఈ సుంకాలు చెల్లవని అక్కడి వాణిజ్య న్యాయస్థానం మే 28న తీర్పిస్తే, మరునాడే పై కోర్టు దాన్ని నిలిపింది. మగ్గాల మీద, మిల్లుల్లో పనిచేసే మనవాళ్లు చూడాల్సిన తేదీ ఆ వారంలో లేదు. అప్పటికి అది జూలై 9.

వంటింటికి మాత్రం కొంత ఊరట. ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై ప్రాథమిక దిగుమతి సుంకాన్ని కేంద్రం 2025 మే 30న 20 నుంచి 10 శాతానికి తగ్గించింది. మనం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. కొత్త సరుకు వచ్చి, పాత నిల్వలు అయిపోయాక గానీ ఆ తేడా అంగట్లో కనిపించదు.

అమెరికా చదువులు

ఆ శుక్రవారం సాయంత్రం 6 గంటలకు అమెరికా మే నెల ఉద్యోగాల లెక్కలు వచ్చాయి. ఉద్యోగాలు తగ్గితే అక్కడా వడ్డీ తగ్గవచ్చన్న ఆశ పెరుగుతుంది, డాలరు మెత్తబడుతుంది. 20,000 డాలర్ల ఫీజు కట్టే ఇంటికి, డాలరు ఒక్క రూపాయి మారినా రూ.20,000 తేడా. అప్పట్లో అంతకన్నా పెద్ద బెంగ వీసాలది. విద్యార్థి వీసాలకు కొత్త ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం ఆపమని 2025 మే 27న అమెరికా తన కార్యాలయాలకు చెప్పింది. అప్పటికే తేదీ దొరికినవాళ్లకు అది వర్తించలేదు. అలాంటప్పుడు తేదీ దొరకనివారు ఏజెంట్ల మాట విని కొత్తగా డబ్బు కట్టకుండా, రాయబార కార్యాలయం ప్రకటన కోసం ఆగడం మేలు.

తరగతి గదికి

సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయులకు ఆ మంగళవారం మంచి పాఠం దొరికింది. 2024 డిసెంబరు 3న సైనిక పాలన ప్రకటించిన దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సుక్ యోల్‌ను పార్లమెంటు అభిశంసించింది, ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం తొలగించింది. సరిగ్గా ఆరు నెలలకు, 2025 జూన్ 3న, అక్కడి ప్రజలు కొత్త అధ్యక్షుణ్ని ఎన్నుకున్నారు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో నల్లబల్ల మీద మూడు గళ్లు గీయించండి: వార్త, మన ఇంట్లో మారేది, ఎప్పుడు. రెపో, సుంకం, మారకం రేటు అన్న మాటలను పిల్లలు తెలుగులోనే వివరించాలి. శనివారం పత్రిక తెచ్చి, ఏది నిజమైందో వాళ్లచేతే దిద్దించండి. ఇంట్లో అప్పు కాగితాలు చదివేటప్పుడు అమ్మానాన్నలకు ఆ పిల్లలే సాయపడతారు.