ముఖం మీద ఎరుపు తగ్గకపోతే ముందు ట్యూబు పేరు చదవండి

మన సంఘాల్లో కొందరు చెల్లెళ్లు ఆరాధనలో ముసుగు బాగా ముందుకు లాక్కుని కూర్చుంటారు. ముఖం ఎర్రబడి, మండుతూ, పొట్టు రాలుతూ ఉంటుంది. చామనఛాయ వారిలో అది ఎరుపుగా కాక ముదురు గోధుమ రంగులోనో ఊదాగానో కనబడుతుంది. ఎగ్జిమా చేతుల మీద తగ్గినా ముఖాన్ని వదలదు. వారి కోసం ప్రార్థన చేస్తాం, చేయాలి కూడా. దానితోపాటు తోటి కాపరులు ఒక ప్రశ్న అడగాలని నా మనవి: ముఖానికి ఏం రాస్తున్నావమ్మా?

పాములపాడు వంటి చోట నుంచి చర్మవైద్యుని కోసం నంద్యాలకో కర్నూలుకో పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది. మెడికల్ షాపులో అడిగితే అప్పటికప్పుడే ట్యూబు చేతికిస్తారు. రాసిన రెండు మూడు రోజుల్లో ఎరుపు పోతుంది, రంగు కూడా కాస్త తేలుతుంది. మానేస్తే ముందుకంటే ఎక్కువగా తిరిగొస్తుంది. మళ్లీ రాస్తారు. పెట్టె మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటి పేరు ఉంటే అది స్టెరాయిడ్.

స్టెరాయిడ్ చెడ్డ మందని కాదు. వైద్యుడు చెప్పిన బలంలో, చెప్పినన్ని రోజులు వాడితే ఎగ్జిమాకు మంచి మందే. కానీ ముఖ చర్మం పలుచన. హైడ్రోకార్టిసోన్ ముంజేతి మీదకంటే నుదుటి మీద సుమారు 6 రెట్లు, దవడ దగ్గర 13 రెట్లు ఎక్కువగా లోపలికి ఇంకుతుందని ప్రయోగాల్లో తేలింది. నెలల తరబడి రాస్తే చర్మం ఇంకా పలుచబడి, రక్తనాళాలు సన్నని దారాల్లా పైకి కనబడతాయి, మొటిమలు లేస్తాయి. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో మన దేశంలోని 12 చర్మవైద్య కేంద్రాల్లో ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని చూస్తే 433 మంది స్టెరాయిడ్ రాస్తున్నారు. వారిలో సగానికి పైగా వైద్యుడు కానివారి మాట మీద మొదలుపెట్టినవారే. 2018లో ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ క్రీములకు చీటీ తప్పనిసరి చేసింది. అయినా చీటీ అడిగే షాపులెన్ని?

చాలాకాలంగా రాస్తున్నవారు సొంతంగా ఒక్కసారే ఆపవద్దు. ఎలా తగ్గించాలో వైద్యుడు చెబుతాడు. మానిన కొత్తలో కొన్ని వారాలు ముఖం మరింత ఎర్రబడవచ్చు. చాలామంది ఓడిపోయి మళ్లీ ట్యూబు పట్టుకునేది అప్పుడే. ముఖానికి వైద్యులు తరచు రాసే టాక్రోలిమస్ ఆయింట్‌మెంటు స్టెరాయిడ్ కాదు, చర్మాన్ని పలుచన చేయదు. మొదటి రోజుల్లో మండుతుంది, పడలేదని పారేయకండి. వాసన లేని మాయిశ్చరైజరు ముఖం కడిగిన వెంటనే రాయాలి.

అన్నీ ఎగ్జిమా కూడా కావు. జుట్టు రంగు, సువాసన సబ్బు పడక ఎర్రబడవచ్చు. ముక్కు పక్కన, కనుబొమల్లో చుండ్రు వల్ల కావచ్చు. మనం అన్నిటినీ తామర అనేస్తాం గానీ, అసలు తామర ఫంగస్. స్టెరాయిడ్ రాస్తే ఇంకా పాకుతుంది. ఎండకు ఎర్రబడి కీళ్లు కూడా నొప్పి పెడుతుంటే రక్తపరీక్ష అవసరం కావచ్చు. నొప్పితో నీటి పొక్కులు లేచి జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక ప్రార్థన నూనె సంగతి. విశ్వాసంతో నుదుట ఒక చుక్క పెట్టడాన్ని నేను కాదనను. ఒలీవ నూనెను రోజూ ముఖమంతా పట్టించడం వేరు. అది చర్మపు రక్షణ పొరను బలహీనపరచి, కొద్దిగా ఎరుపు కూడా తెస్తుందని ఇంగ్లాండు పరిశోధకులు 2013లో ప్రచురించారు. హిజ్కియా పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నది యెషయా ప్రవక్తే. మందు వాడితే విశ్వాసం తగ్గినట్టు కాదు.

లేవీయకాండము 13వ అధ్యాయంలో యాజకుడు మచ్చ చూడగానే తీర్పు చెప్పడు. సందేహముంటే ఏడు రోజులు ఆగి మళ్లీ చూస్తాడు, పవిత్రుడని పంపేవారూ ఉంటారు. మనమైతే పాత్ర అందుకునేటప్పుడు ఆ చెల్లెలి పక్క నుంచి జరుగుతాం. ఎగ్జిమా అంటుకోదు. పాత్ర వల్ల రాదు, కరచాలనం వల్ల రాదు.

వైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు ఇప్పటివరకు రాసిన ట్యూబులన్నీ పెట్టెలతో సహా, సబ్బు, నూనె సీసా కూడా సంచిలో వేసుకెళ్లండి. ముఖం బాగా ఎర్రబడిన రోజు ఫోనులో ఫోటో తీసి ఉంచండి. ఒంటరిగా వెళ్లడానికి సిగ్గుపడే చెల్లెలికి స్త్రీల మైత్రి నుంచి ఒకరు తోడు వెళ్లవచ్చు.