మొవ్వు వాడిందా... మొదలు కారుతోందా?

పటమటలో బందరు రోడ్డు నుంచి ఏ సందులోకి తిరిగినా అపార్టుమెంట్ల మధ్య ఇంకా కొన్ని పాత డాబా ఇళ్లు కనిపిస్తాయి. ప్రహరీ పక్కన ఒకటో రెండో కొబ్బరిచెట్లు. పూజకైనా పచ్చడికైనా కాయ కొనక్కర్లేని ఇళ్లవి. అలాంటి చెట్టు ఉన్నట్టుండి డీలాపడితే ఇంటిల్లిపాదికీ బెంగే. ఒకరు యూరియా వేయమంటారు, ఇంకొకరు మొదట్లో ఉప్పు పోయమంటారు. జబ్బేమిటో తెలియకుండా మందేమిటి?

కొబ్బరికి కొమ్మలుండవు. పెరిగే చోటు ఒక్కటే... తల మీది మొవ్వు. అందుకే ముందుగా చూడాల్సింది, ఏ మట్ట వాలిందని. అడుగుమట్ట ఒక్కొక్కటే ఎండి రాలడం సహజం. నెలకో కొత్త మట్ట వేసే చెట్టు పాతదాన్ని వదిలించుకోవాలిగా!

అలా కాక, వానాకాలంలో నడిమి లేత ఆకు వాడి, పట్టి లాగితే ఊడొచ్చి, కుళ్లు వాసన కొడితే అది మొవ్వుకుళ్లు. గోదావరి డెల్టాలో తాడిచెట్లను కూల్చిన ఈ శిలీంధ్రానికి 1907లో బట్లర్ అనే శాస్త్రవేత్త పేరు పెట్టారు. అప్పట్లో తెగులు సోకిన తాళ్ల తలలు నరికి తగలబెట్టించారు కూడా. ఇప్పుడైతే తొలిదశలోనే కుళ్లిన భాగం కోసేసి, బోర్డో పేస్టు పూసి, కొత్త ఆకు వచ్చేదాకా వాననీరు దిగకుండా పాలిథిన్ కప్పితే చెట్టు దక్కే అవకాశం ఉంది.

కాండానికి రంధ్రాలుండి, నమిలిన పీచు బయటికొస్తుంటే ఎర్రముక్కు పురుగు పనే. చెవి ఆనిస్తే లోపల కొరుకుతున్న చప్పుడు వినిపిస్తుంది. పచ్చిమట్టలు మొదలంటా నరికితే ఆ గాయాలే దానికి దారి.

అసలు మొండిది గానోడెర్మా తెగులు. తమిళనాడులోని తంజావూరు ప్రాంతంలో 1952 తుపాను తర్వాత ఇది గుర్తింపులోకి వచ్చింది. ముందు నేలలో వేళ్లు కుళ్లుతాయి. ఆ సంగతి పైకి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. కాండం మొదట్లో పగుళ్ల నుంచి ఎర్రటి జిగురు కారుతుంది, క్రమంగా పైకి పాకుతుంది. కింది మట్టలు వాలిపోతాయి, కాయలు తగ్గిపోతాయి. చివరికి మొదట్లో పుట్టగొడుగులు. జిగురు ఇంకా కిందే ఉంటే ఏటా 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా కలిపి పాదులో వేయాలి. హెక్సాకొనజోల్ 2 మిల్లీలీటర్లు 100 మిల్లీలీటర్ల నీటిలో కలిపి వేరు ద్వారా ఎక్కిస్తారు. తర్వాత 45 రోజులు కాయ కోయకూడదు కనుక ముందే దింపించుకోవాలి. జబ్బు చెట్టు పాదులో నీళ్లు పక్క చెట్టుకు పారనివ్వకూడదు. మొదలంటా సిమెంటు పోసిన ఇళ్లలో వేరుకు ఊపిరాడదు, మందు పోసే చోటూ ఉండదు... ఆ గచ్చు కొంతైనా పగలగొట్టాల్సిందే.

ఆకుల మీద నల్లటి మసి చూసి కంగారుపడి చెట్టు కొట్టించేవాళ్లూ ఉన్నారు. 2016లో దేశంలో తొలిసారి తమిళనాడులో కనిపించిన తెల్లదోమ తెచ్చే మసి అది. చెట్టు చావదు. విషపు మందులు కొడితే ఆ దోమను తినే మిత్రపురుగులే ముందు పోతాయి. పైపుతో నీళ్లు గట్టిగా కొట్టడం మేలు.

మొదలు సగానికి పైగా గుల్లై, ఇంటివైపు వాలిన చెట్టును మాత్రం అక్టోబరు, నవంబరు తుపాన్ల దాకా ఉంచకూడదు. కూల్చాక మొద్దూ వేళ్లూ తవ్వి తగలబెట్టాలి. పక్కన మరో చెట్టుంటే మధ్యలో 2 అడుగుల లోతు కందకం తీయించాలి. ఆ గుంటలో మళ్లీ కొబ్బరి వద్దు, జామో కరివేపాకో పెట్టుకోవచ్చు.