జాజికాయ, దాని జ్ఞాతులు

తాంబూలమునకు పరిమళము నిచ్చు జాజికాయయు, పలావులో వేయు జాపత్రియు మన యిండ్లకు క్రొత్తవి కావు. అంగడిలో అవి వేఱువేఱు పొట్లములలో లభించుటచేత రెండు చెట్లకు సంబంధించినవని పలువురు తలంతురు. పేరునుబట్టి జాపత్రిని ఆకు అనుకొనువారును కలరు. నిజమునకు ఈ రెండును ఒకే పండులో పుట్టినవి. గింజ పెంకులోని పప్పు జాజికాయ. ఆ పెంకును వలవలె అల్లుకొని యుండు ఎఱ్ఱని తొడుగు జాపత్రి.

చెట్టు తన గింజకు ఇంత అందమైన తొడుగు నేల తొడిగినది? దీనికి సమాధానము తెలిసికొన్నచో ఈ వృక్షకుటుంబపు జీవితమంతయు మనకు బోధపడును.

వృక్షశాస్త్రజ్ఞులు ఈ కుటుంబమును మిరిస్టికేసి అందురు. ఇందు సుమారు 20 ప్రజాతులు, 500 జాతులు కలవు. ఆసియా, ఆఫ్రికా, అమెరికా ఖండముల ఉష్ణమండలములలో, ముఖ్యముగా వానలు మెండుగా కురియు పల్లపుటడవులలో ఇవి పెరుగును. ఎక్కువ భాగము పచ్చదనము వీడని చెట్లు, కొన్ని పొదలు. బెరడునకు గాటు పెట్టినచో నెత్తురువంటి ఎఱ్ఱని రసము స్రవించును. పూవులు చిన్నవి, వానికి ఆకర్షక పత్రములు లేవు. చాల జాతులలో మగపూవులు ఒక చెట్టునను, ఆడుపూవులు వేఱొక చెట్టునను పూయును. గింజ నాటిన రైతు ఆఱేడు సంవత్సరములు పెంచి, పూత చూచిన పిదప గాని తన చెట్టు కాయునో, కాయదో ఎఱుగడు. అందుచేతనే నేటి తోటలలో ఆడుచెట్ల కొమ్మలతో అంటు కట్టి, వానికి తోడుగా కొలది మగచెట్లను నిలుపుచున్నారు.

పండు పక్వమైనంతనే రెండు చెక్కలుగా విచ్చుకొనును. లోపల ముదురురంగు గింజపై ఎఱ్ఱని తొడుగు మెఱయును. ఇంత బరువైన గింజ గాలిలో ఎగురజాలదు. తల్లిచెట్టు నీడలోనే రాలిన గింజలలో మొలకెత్తి బ్రదుకునవి బహు తక్కువ. కనుక దానిని దూరమునకు మోయువారు కావలెను. ఆ మోతకు చెట్టు చెల్లించు కూలియే ఈ ఎఱ్ఱని తొడుగు. ఆసియాలో పెద్ద పావురములు, హార్న్‌బిల్ పక్షులు, అమెరికాలో టూకన్ పక్షులు గింజను మ్రింగి, తొడుగును జీర్ణించుకొని, గింజను మాత్రము చెడకుండ దూరమున విడుచును.

మనుష్యుడు ఈ కూలిని తనకే దక్కించుకొన గోరెను. మనము వాడు జాజికాయకు జన్మస్థానము ఇండోనీషియాలోని బాందా దీవులు. 1512లో పోర్చుగీసువారు అచ్చటికి చేరిరి. తరువాత డచ్చివారు వచ్చిరి. ఆ వాణిజ్యమున మన తెలుగు తీరమునకును పాలు కలదు. ఆ ద్వీపములలో సుగంధద్రవ్యములకు మాఱుగా కోరబడు వస్త్రములను కొనుటకై డచ్చివారు 17వ శతాబ్ది ఆరంభమున మచిలీపట్టణములో వర్తకస్థానము నెలకొల్పిరి. 1621లో వారి గవర్నరు జనరలు యాన్ పీటర్స్‌జోన్ కూన్ బాందాను సైన్యముతో ఆక్రమించెను. అప్పటి జనసంఖ్య సుమారు 15,000 అని చరిత్రకారుల అంచనా. కత్తికి, ఆకలికి, బానిసత్వమునకు గుఱికాగా, పాఱిపోయినవారు పోగా, స్వస్థలమున మిగిలినవారు అత్యల్పులు. తోటలను బానిసలచే సాగుచేయించిరి. 1667 నాటి బ్రెడా సంధిలో ఆంగ్లేయులు రన్ అను చిన్న జాజికాయ దీవిని డచ్చివారికి వదలి, అమెరికాలోని మన్‌హాటన్‌ను తమయొద్ద నిలుపుకొనిరి.

అయినను చెట్టు చెఱలో నిలువలేదు. 1770 ప్రాంతమున పియర్ ప్వావ్‌ర్ అను ఫ్రెంచి ఉద్యోగి చొరవచే జాజి మొలకలు రహస్యముగా మారిషస్ దీవికి చేరినవి. పిమ్మట ఆంగ్లేయులు పినాంగు మొదలగు చోట్ల నాటించిరి. కరీబియన్ సముద్రములోని గ్రెనడా దేశము 1974లో స్వతంత్రమైనప్పుడు తన పతాకముపై జాజికాయ బొమ్మను నిలుపుకొనినది. మన దేశమున కేరళ ఈ పంటకు ముఖ్యస్థానము.

పండించు జాజికి నేడు కొదువ లేదు. ఆపద దాని అడవి జ్ఞాతులకే. కేరళలోని కొల్లం జిల్లాలోను, కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలోను కొండవాగుల ప్రక్కనున్న బురదనేలలలో ఇవి తోపులుగా పెరుగును. నీట మునిగిన నేలలో వేళ్లకు గాలి అందదు. అందుచే కొన్ని వేళ్లు మోకాలివలె వంగి బురదపైకి లేచి గాలి పీల్చును; మఱికొన్ని ఊతకఱ్ఱలవలె మానునుండి దిగును. 1960లో శాస్త్రలోకమునకు పరిచితములైన ఈ చిత్తడి అడవులు చాలవఱకు వరిపొలములుగను, తోటలుగను మాఱి, నేడు తునకలు తునకలుగా మిగిలినవి. వీని గింజ ఎండినచో మొలవదు. భద్రపఱచి మఱియొకప్పుడు నాటుదమన్న వీలుపడదు.

పడమటి కనుమలలో రామపత్రి యను మఱియొక జ్ఞాతి కలదు. దాని తొడుగు వాసన తక్కువైనను జాపత్రికి బదులుగా అమ్ముడగుచున్నది. పండు విచ్చకమునుపే కోసినచో పక్షికి ఆహారము లేదు, గింజకు ప్రయాణము లేదు, అడవికి సంతానము లేదు. ఉత్తర కన్నడములో కొన్ని చోట్ల మొలకలను పెంచి, తిరిగి చిత్తడినేలలలో నాటు ప్రయత్నములు జరిగినవి.

గృహిణులకు ఒక్క హెచ్చరిక. జాజికాయ చిటికెడైన పరిమళము. మోతాదు మించినచో వాంతి, గుండెదడ, మతిభ్రమ కలుగును. పసిపిల్లల నిద్రకై దీనిని అరగదీసి పోయుట క్షేమము కాదు.

పక్షి తొడుగును తీసికొని గింజను మోసినది. తొడుగును, పప్పును కూడ తీసికొను మనము, ఆ గింజలలో కొన్నింటినైన తడినేలకు చేర్చుట న్యాయము.